బండ తుడిచిన చెయ్యి

ఏమ్మా, పత్రిక చేతికి రాగానే చివరి పేరా ముందు చదివేసే తల్లీ! నిన్నే. ఆ వేలు అక్కణ్ణుంచి తియ్యి. పోయిన వారం కూడా ఇలాగే చివరికి దూకేసి, "ఓస్, దొంగ బావేనట, నాకు ముందే తెలుసు" అని ఇల్లంతా చాటింపు వేశావు. నీకు తెలిసింది ఏపాటిదో ఈ వారం తేలుతుంది. "నాకీ సీరియళ్లు పడవు" అంటూనే ఓ చెవి ఇటు పారేసిన పెద్దమనిషీ, తమరూ కాస్త దగ్గరికి జరగండి. అంత దూరం నుంచి మెడ చాస్తే పట్టేస్తుంది.

మనం చిట్టిని బస్సులో వదిలాం. ఒళ్లో మూత బిగించిన డబ్బా, కడుపులో మూడేళ్ల మంట.

మంట దేనికో మర్చిపోయినవాళ్ల కోసం ఇంకోసారి. చిట్టి వాళ్ల నాన్న పాకం మేస్త్రి. కేకుల మీద నిలబెట్టే పంచదార పూలు, ఆకులు, పిట్టలు ఆయన చేతిలో పుట్టేవి. ఆ పూల మీద నిజం తుమ్మెదలు వాలి, సిగ్గుపడి లేచిపోయేవని చెప్పుకునేవారు. ఆ పనివాళ్లలో ఓ పద్ధతుంది. మేస్త్రికి వయసు మీద పడ్డాక, ఆయన రాగి గిన్నెలో పాకం కాచి, తోటి పనివాళ్లందరి ముందూ ఎవరు పంచదార పిట్టని నిలబెడితే గిన్నె వాళ్లది, మేస్త్రిగిరీ వాళ్లది. కూతురా, అల్లుడా, పరాయివాళ్లా అని చూడరు. పిట్ట నిలబడిందా లేదా, అంతే లెక్క.

మూడేళ్ల కిందట చిట్టి నిలబెట్టబోయింది. పాకం చేతిలోనే చచ్చింది. పట్టుగుడ్డలా మెరవాల్సింది కాస్తా సున్నంముద్దలా తెల్లబడి, గరగరలాడి, వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. నలభై మంది చూస్తుండగా నాన్న అన్నాడు: "నీది పాకం చెయ్యి కాదు. ఇంక నా గిన్నె ముట్టుకోకు." తర్వాత ఆయన బతికింది ఆరు నెలలే. ఆ ఆరు నెలల్లో చిన్నకూతురితో ఆడిన మాటలు ఒక చేతి వేళ్లతో సరిపెట్టచ్చు. గిన్నె గోడకెక్కింది. చిట్టి ఓ బిస్కెట్ ఫ్యాక్టరీలో పొట్లాలు చుట్టే పనికి పోయింది.

పోయిన వారం ఏమైంది? నాన్న కేకుల దుకాణంలో రొట్టెల పొయ్యి చూసే తాత మాటల్లో మాటగా నోరు జారాడు. ఆ రోజు చిట్టి పాకం పెట్టడానికి కాస్త ముందు బావ, అంటే అక్క మొగుడు, వెనక గదిలోకి వెళ్లి లిక్విడ్ గ్లూకోజ్ డబ్బా మార్చడం తాత కళ్లారా చూశాడట!

గ్లూకోజ్ డబ్బా మారిస్తే కొంప మునుగుతుందా అని అడక్కండి. మునుగుతుంది. ఈ పంచదార ఉంది చూశారూ, దాన్ని నీళ్లలో కరిగించి ఎంత కాచినా దాని బుద్ధి పోదు. చల్లారడం ఆలస్యం, పలుకూ పలుకూ వెతుక్కుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని మళ్లీ గుంపు కట్టేస్తుంది. పెళ్లిలో ఒకచోట చేరిన తోడికోడళ్లలాగా. గ్లూకోజ్ అనేది ఆ గుంపు మధ్యలో వెళ్లి కూర్చునే మేనత్త. అటువాళ్లని ఇటు, ఇటువాళ్లని అటు చూడనివ్వదు. అత్త ఉన్నంతసేపూ పాకం గాజులా, సాగదీస్తే పట్టులా ఉంటుంది. అత్త లేకపోతే ఇసుకే.

అందుకే చిట్టి పొద్దున్నే లేచి ఒట్టి పంచదార, నీళ్లు కలిపి, గ్లూకోజంత చిక్కగా కాచి, చల్లార్చి, డబ్బాలో పోసుకుంది. చూడ్డానికి అచ్చం గ్లూకోజే. కాకపోతే గట్టిగా కుదిపితే డబ్బాలోనే పలుకు కట్టేస్తుంది. అందుకని బస్సు గతుకుల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని, నిద్రపోతున్న చంటిపిల్లని మోస్తున్నట్టు కూర్చుంది. పక్కసీటు ముసలావిడ చూసి చూసి, "ఎన్నో నెలమ్మా?" అని కూడా అడిగింది.

"మూడేళ్లు," అంది చిట్టి.

ముసలావిడ సీటు మారింది.

*

దుకాణం వెనక సందులో చెత్తడబ్బాలు, ఖాళీ గుడ్ల అట్టలు, ఓ మూల పిండి సంచుల గుట్ట. వెనక తలుపు గడియ తీసే ఉంది. తీసి పెట్టింది అక్క. మొన్న చిట్టికి ఫోన్ చేసింది కూడా అక్కే.

"మీ బావ ఎల్లుండి గిన్నె దింపుతున్నాడే. అందరినీ పిలిచాడు. పిట్ట కడతాడట. ఆ మనిషి నీకేం చేశాడో పొయ్యి తాత నాకూ చెప్పాడు. మొగుడైతే మాత్రం? నా చెల్లి నాకు కాకుండా పోతుందా? తలుపు తీసి పెడతా. తర్వాత నీ ఇష్టం."

ఆ మాటకి చిట్టికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు తర్వాత తన పక్షాన మాట్లాడిన మొదటి మనిషి.

వెనక గది ఏమీ మారలేదు. గోడకి జల్లెడలు వేలాడుతున్నాయి, పిండి తూచే తక్కెడ అక్కడే ఉంది, హాల్లోకి తెరుచుకునే కిటికీ దగ్గర అదే విరిగిన స్టూలు. అల్మారాలో రెండో అరలో గ్లూకోజ్ డబ్బా. చిట్టి దాన్ని దించి, తను తెచ్చింది ఆ చోట్లో పెట్టింది. రెండు డబ్బాలూ ఒకే కంపెనీవి, ఒకే నీలం మూత. కవలపిల్లల్ని వాళ్లమ్మ గుర్తుపట్టచ్చేమోగానీ వీటిని ఎవరూ పట్టలేరు.

ఒక్కళ్లు పడతారు. చెయ్యి తడుపుకునేవాళ్లు.

నాన్న ఎప్పుడూ గరిటె ముట్టేవాడు కాదు. చల్లనీళ్ల గిన్నెలో చెయ్యి ముంచి, ఆ తడి చెయ్యి డబ్బాలో పెట్టి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పేవాడు. నిమ్మకాయంత ముద్ద చేతిలోకి వచ్చేసేది. చేతికి చుక్కైనా అంటేది కాదు. అసలు గ్లూకోజైతే తడి చేతిలో అలా ముద్దగా కూర్చుంటుంది. పంచదార పాకమైతే వేళ్ల మధ్య నుంచి కారిపోతుంది. కానీ బావ చేతులకి ఆ భయం లేదు. ఆయనకి జిగట పడదు. ఎప్పుడూ గ్లౌజులు, ఎప్పుడూ స్టీలు గరిటె. మంచినీళ్లు కూడా గ్లౌజులతోనే తాగుతాడని పనివాళ్ల వేళాకోళం. గ్లౌజుల బావకి ఈ డబ్బా గుట్టు జన్మలో తెలియదు.

అక్క వచ్చింది. పల్చటి మనిషి, తలకి గుడ్డ చుట్టుకుంది. నోరు విప్పకుండా చిట్టి బుగ్గ గిల్లి, అల్మారాలోని డబ్బా తీసుకుని ముందు హాల్లోకి వెళ్లిపోయింది. వెళ్తూ కన్ను గీటింది.

పనైపోయింది. అసలు డబ్బా పట్టుకుని వచ్చిన దారినే పొమ్మంది చిట్టి బుర్ర. ఉండమంది కడుపు మంట. చూడాలిగా! ఆ మెరుస్తున్న పాకం బావ చేతుల్లో తెల్లబడుతుంటే, నలభై మంది ముందు ఆయన మొహం ఎలా మాడుతుందో కిటికీ సందులోంచైనా చూడకపోతే ఇన్నాళ్లూ బిస్కెట్ పొట్లాలు చుట్టిన చేతులకి శాంతేది? డబ్బా ఒళ్లో పెట్టుకుని విరిగిన స్టూలు మీద ఒద్దికగా కూర్చుంది.

అప్పుడు తలుపు తోసుకుని బావ వచ్చాడు.

"అరె, మరదలా! నువ్వేంటిక్కడ?"

"దెయ్యాన్నిలే బావా. నీ కోసమే వచ్చా."

"నా గ్లౌజులు చూస్తే దెయ్యాలు కూడా నవ్వి పోతాయిలే. ఎన్నాళ్లయిందే నిన్ను చూసి?" అని నవ్వబోయిన బావ ఆమె ఒళ్లోని డబ్బా చూశాడు. నవ్వు సగంలో ఆగింది. "అదేంటి? గ్లూకోజ్ నీ దగ్గరుందేం?"

చిట్టి లేచి నిలబడింది. మూడేళ్లుగా అద్దం ముందు, బస్టాపులో, పొట్లాల యంత్రం ముందు నిలబడి తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి తోసుకొచ్చాయి. ఒక్కటే బయటపడింది.

"నువ్వు చేసిందే నీకు చేశా."

"నేనేం చేశానే?"

"అమాయకుడు! ఆ రోజు డబ్బా మార్చలా? పొయ్యి తాత చూశాడు. నా పాకం చంపి, నన్ను నాన్న చేత తిట్టించి, ఇల్లు దాటించి, ఇవాళ గిన్నె దింపడానికి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నావు! నీకు సిగ్గుందా? నాన్న చివరి చూపు కూడా నా వంక తిప్పలేదు బావా. నీ మూలాన!"

బావ గ్లౌజులు విప్పాడు. చిట్టి ఆయన ఒట్టి చేతులు చూడడం అదే మొదటిసారి. పెళ్లినాడు చూసిందేమో, గుర్తులేదు.

"మార్చా," అన్నాడు.

ఏడుస్తాడు, బుకాయిస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు అనుకుంది గానీ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అనుకోలేదు చిట్టి.

"మార్చా. పాత డబ్బా అడుక్కి పోయింది. గోకితే రెండు చెంచాలు లేదు. నువ్వు పదిమందిలో డబ్బా గోక్కుంటూ నిలబడితే బాగోదని కొత్తది తెరిచి పెట్టా. అది మార్చడం కాదే తల్లీ, నింపడం."

"ఆహా! కథలు నాకు చెప్పకు."

"సరే, చెప్పను. నువ్వే చెప్పు. ఆ రోజు గ్లూకోజ్ గరిటెతో తీశావా, చేత్తో తీశావా?"

"చేత్తోనే. నాన్న కూతుర్ని. గరిటె పట్టుకోవడానికి నీలాంటిదాన్నా?"

"చెయ్యి తడుపుకున్నావా?"

"తడుపుకున్నా."

"ముద్ద వచ్చిందా, కారిపోయిందా?"

చిట్టి తన అరచెయ్యి చూసుకుంది.

వచ్చింది. నిమ్మకాయంత ముద్ద, చేతికి చుక్కైనా అంటకుండా. ఆ చల్లదనం అరచేతికి ఇప్పటికీ గుర్తుంది. నాన్న పక్కన నిలబడి "అదీ" అని గొణగడం కూడా గుర్తుంది. ఆయన తనని మెచ్చుకున్న ఆఖరి మాట అదే. మూడేళ్లు ఆ ఒక్క మాటనీ దాచుకుని తిరిగింది గానీ, దాని అర్థం తీసి చూసుకోలేదు. ముద్ద వచ్చిందంటే డబ్బాలో ఉన్నది అసలు గ్లూకోజే!

"గ్లూకోజ్ మంచిదే," అన్నాడు బావ మెల్లిగా. "గిన్నె నువ్వే తోముకున్నావు. కాగేటప్పుడు అంచులకి అంటిన పలుకులు తడి కుంచెతో దించావు, నేను చూస్తూనే ఉన్నా. మరి పాకం ఎందుకు చచ్చిందంటావ్? మూడేళ్లుగా నేనూ తలకొట్టుకుంటున్నా. కాచిన పాకంలో ఒక్క చిటికెడు పొడి పంచదార పడితే చాలు, ఎంత గ్లూకోజ్ ఉన్నా దాన్ని చూసి మిగతాదంతా గుంపు కడుతుంది. గిన్నెలో పడలేదు. ఇంకెక్కడ పడుతుంది?"

కాచిన పాకం గిన్నెలోంచి పోసేది బండ మీద. నూనె రాసిన చలువరాతి బండ. ఆ రోజు పాకాన్ని బండ మీద మడతపెట్టేటప్పుడు వేళ్ల కింద ఏదో సన్నగా గరగరమన్నట్టు అనిపించింది. కంగారులో పట్టించుకోలేదు.

"బండ..." అంది చిట్టి. "బండ అక్క తుడిచింది."

బావ గ్లౌజులు జేబులో కుక్కుకున్నాడు.

"తన భుజమ్మీద గుడ్డతో తుడిచింది. 'నా చెల్లి పనికి నా చెయ్యి కూడా పడనీ' అంది. అందరూ మెచ్చుకున్నారు."

"నిన్నిక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"అక్క. మరి నువ్వెందుకొచ్చావిప్పుడు?"

"అల్మారా మీద తెల్లగుడ్డ మర్చిపోయింది, తెచ్చిపెట్టండి అంది." బావ అల్మారా మీదకి చూశాడు. దాని మీద గుడ్డ లేదు, గిడ్డ లేదు.

సందువైపు తలుపు అవతల నుంచి గడియ పడ్డ చప్పుడు టక్కుమని వినిపించింది.

*

సందు చుట్టి వచ్చేసింది కాబోలు, ముందు హాల్లో నుంచి అక్క గొంతు వచ్చింది. ఎప్పుడూ గాజు అద్దాల వెనక నిలబడి "ఏం కావాలండీ" అనడం తప్ప పైకి లేవని గొంతు, ఇవాళ గంటలా మోగుతోంది.

"పెద్దలందరూ ఒక్కసారి ఇటు చూడండి. మావారు గరిటె మనిషి. మా నాన్నది తడిచెయ్యి. అందుకని నేను చూస్తున్నా." నీళ్ల చప్పుడు. "చూశారా? కారిపోతోంది. ఇది గ్లూకోజ్ కాదు, ఒట్టి పంచదార పాకం. ఎవరో డబ్బా మార్చేశారు! తాతా, మూడేళ్ల కిందట మా చెల్లి పాకం పోయిన రోజు కూడా ఎవరో డబ్బా మార్చారన్నావు కదూ? ఎవరు?"

పొయ్యి తాత ఏదో నసిగాడు.

"మావారు వెనక గదిలోనే ఉన్నారు. పక్కన ఎవరున్నారో చూద్దురుగాని. చిట్టీ! ఆ అసలు డబ్బా ఇలా తీసుకురామ్మా."

చాచి కొట్టినట్టయింది. ఒక్క దెబ్బకి మొగుడూ పోయె, చెల్లీ పోయె. ఆయన పాత దొంగ, ఈవిడ కొత్త దొంగ. ఇద్దరూ ఒకే గదిలో, చేతిలో డబ్బాతో సహా. తలుపు తీసి పెట్టిందీ అక్కే, మూసిందీ అక్కే. పగ తనదనుకుని చిట్టి మోసుకొచ్చిన డబ్బా మొదట్నుంచీ అక్క బరువే.

చిట్టి, వెనక బావ, హాల్లోకి నడిచారు. నలభై మొహాలు తిరిగాయి. బ్రెడ్డు పనివాళ్లు, చాక్లెట్ పనివాళ్లు, నాన్నతో పాటు పని నేర్చుకున్న పెద్దాయన ముందు కుర్చీలో. ఎవరో "ఛీ" అన్నారు. మూడేళ్ల కిందట ఇదే హాలు, ఇదే బండ, ఇవే మొహాలు. అప్పుడు తెలివితక్కువదన్నారు. ఇప్పుడు దొంగ అంటున్నారు.

రాగి గిన్నె పొయ్యి మీద ఉంది. అక్క నాన్న ఏప్రన్ కట్టుకుంది.

"ఎందుకక్కా?" అంది చిట్టి, ఆమెకి మాత్రమే వినబడేలా.

అక్క డబ్బా అందుకుంటూ పెదవులు కదపకుండా అంది: "పెద్దదాన్ని నేనే. చెయ్యి కాలితే పెళ్లికాదని నాన్న నన్ను గాజుబల్ల వెనక నిలబెట్టి, గిన్నె నీ చేతికిచ్చాడు. నన్నెవరైనా అడిగారా, నీకేం కావాలి అని? ఇప్పుడు చూడు."

అక్క చల్లనీళ్లలో చెయ్యి ముంచింది. డబ్బాలో పెట్టింది. మణికట్టు ఒక్క తిప్పు. నిమ్మకాయంత ముద్ద, చేతికి చుక్కైనా అంటకుండా వచ్చింది. హాలంతా "ఆ!" అంది. ఆ తిప్పు నాన్న ఎవరికీ నేర్పలేదు, చిట్టికి తప్ప. మరి అక్కకెలా వచ్చింది? చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చిట్టి టీచరు, అక్క స్టూడెంటు. "ఇలా తిప్పాలక్కా, మొద్దూ!" అని బెత్తం పుచ్చుకుని మరీ నేర్పింది. ఆటనుకుంది.

పాకం కాగింది. అక్క గుడ్డ తీసి, అందరికీ వినబడేలా, ఎంతో పెద్దమనసుతో అంది: "ఎంతైనా నా చెల్లెలు. తప్పు చేసిందని తరిమేస్తామా? ఇవాళ బండ తను తుడుస్తుంది. ఆ రోజు నేను తుడవలేదూ? తుడు, చిట్టీ."

ఆ గుడ్డ చిట్టి చేతిలో పడింది.

కోడలు పిల్ల అంట్ల గిన్నె అందుకున్నట్టు తలొంచుకుని అందుకుంది చిట్టి. బండ తుడిచింది. ఇటు అంచు నుంచి అటు అంచు దాకా, వేళ్లతో తడిమి తడిమి, నాన్న చెప్పినట్టు అద్దంలా తుడిచింది. నూనె రాసింది. ఆ తర్వాత, అందరూ గిన్నె వైపు చూస్తున్నప్పుడు, అక్క ఒక్కర్తే తనవైపు చూస్తున్నప్పుడు, ఫ్యాక్టరీ కోటు జేబులో చెయ్యి పెట్టింది. తీసింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, బండ మీద ఓ మూల మెల్లిగా నలిపింది. వంచిన తల ఎత్తి అక్క కళ్లలోకి చూసి నవ్వింది. పక్కకి తప్పుకుంది.

అక్క మొహంలో రంగు మారింది.

గిన్నె వంచక తప్పదు, పాకం ఆగదు. పోసింది. మడిచింది. ఎత్తి, చల్లారకుండా కాచే దీపం కింద పెట్టి లాగడం మొదలెట్టింది. లాగగా లాగగా మెరుపొచ్చింది. పట్టులాంటి మెరుపు. నిజం చెప్పుకోవాలి, చక్కటి పాకం. అక్కడ ఆపి పిట్ట మెడ వంచాలి. కానీ అక్క కళ్లు పాకం మీద లేవు. ఆ మూల మీద ఉన్నాయి. వేళ్లు పిట్టని చెయ్యడం లేదు, పలుకు కోసం వెతుకుతున్నాయి. మళ్లీ లాగింది. మడిచింది. తడిమింది. మళ్లీ లాగింది. మెరుపొచ్చాక కూడా ఆపకుండా లాగితే ఎంత గ్లూకోజున్నా పాకం ఓర్చుకోదు. మెరుపు మాసింది. తెల్లబడింది. గట్టిపడింది. కంగారుగా మెడ వంచబోతే పుటుక్కున విరిగి, పిట్ట తల వెళ్లి పెద్దాయన చెప్పుల దగ్గర పడింది.

"దొంగముండా!" అక్క అరిచింది. "బండ మీద పంచదార చల్లావు కదే! నేను చూశా! జేబులోంచి తీసి ఆ మూల చల్లావు!"

చిట్టి జేబు బయటికి లాగి చూపించింది. అందులో పంచదార లేదు, పిండి లేదు, దుమ్ము కూడా లేదు. అడుగున రూపాయి బిళ్ల పట్టేంత చిరుగు ఉంది. ఏం వేసినా నిలవని జేబు.

పెద్దాయన లేచి, తనే వెళ్లి ఆ మూల వేలు రాసి, నాలిక మీద పెట్టుకున్నాడు. "నూనె," అన్నాడు. అక్క వైపు తిరిగాడు. "ఒట్టి వేళ్లు నలిపితే పంచదార అని నీకెందుకు తట్టిందమ్మా? ఇంతమందిమి ఉన్నాం, మాకెవరికీ తట్టలేదే."

బావ నేలకేసి చూస్తున్నాడు. చిట్టికి మూడేళ్ల తర్వాత మొదటిసారి కడుపులో మంట చల్లారి, తియ్యగా, నిండుగా ఉంది. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన డబ్బాతో జరగని పని ఒట్టి చేత్తో జరిగింది. ఇంక అక్క ఏడవాలి. కాళ్ల మీద పడాలి. తను ఒక్క క్షణం ఆగి, "పోనీలే" అనాలి. మనసులో లేకపోయినా అనాలి.

అక్క ఏడవలేదు. ఏప్రన్ ముడి విప్పి, మడతపెట్టి, బండ మీద ఉంచింది. తర్వాత నవ్వింది. అచ్చం నాన్న నవ్వే.

"చల్లాను. ఆ రోజు నేనే చల్లాను. మీరంతా వెళ్లిపోయాక నాన్న కూడా ఇప్పుడీయన చేసినట్టే చేశాడు. బండ మీద వేలు రాసి, నాలిక మీద పెట్టుకున్నాడు. నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. తడిగుడ్డ తెచ్చి, బండంతా ఆయనే శుభ్రంగా తుడిచేశాడు."

చిట్టి జేబుని మళ్లీ లోపలికి తోసింది. వేలు చిరుగులోంచి బయటికొచ్చింది.

"ఏంటే అలా చూస్తావ్?" అంది అక్క. "పిచ్చిదానా, నిన్ను మోసం చేసింది నేనొక్కదాన్నే అనుకున్నావా?"